యాత్రకి వెళ్తున్నామా, సేవకి వెళ్తున్నామా?

మూడు వారాలుగా మన ఛానెల్లో దానం, సేవ అనే రెండు మాటల చుట్టూ తిరుగుతున్నాం. వీడియోలో పట్టనివి ఇక్కడ రాస్తుంటాను కదా, ఈసారి కాస్త పెద్దగానే ఉంటుంది. తీరిగ్గా చదవండి.

ఈసారి పాఠం పురాణంలోంచి కాదు, అమెరికా చర్చిల అనుభవంలోంచి. "భక్తి ఛానెల్లో ఇదెందుకు?" అని మీకనిపించవచ్చు. కారణం చెప్తాను. ఈమధ్య మన వయసువాళ్లు చాలామంది పది రోజులు సెలవు పెట్టి, డబ్బులు పోగేసుకుని, వేరే రాష్ట్రానికో వేరే దేశానికో "సేవా యాత్ర" వెళ్తున్నారు. చాలా మంచి సంగతి. అయితే సరిగ్గా ఇదే పని అమెరికా క్రైస్తవులు 60 ఏళ్లకు పైగా లక్షల సంఖ్యలో చేస్తున్నారు. ఏది పనికొచ్చింది, ఏది బెడిసికొట్టింది అని వాళ్లలోనే చదువుకున్నవాళ్లు కూర్చుని లెక్కలు తీశారు. తమ వాళ్ల తప్పుల్ని తామే బయటపెట్టుకున్నారు. అంత నిజాయితీగా రాసిపెట్టిన పాఠం దొరికినప్పుడు అది ఎవరి ఇంట్లోంచి వచ్చిందని చూడక్కర్లేదు.

అసలు ఇదేంటి?

పాతకాలంలో మిషనరీగా వెళ్లడమంటే దాదాపు జీవితం ఇచ్చేయడమే. ఓడెక్కి నెలలు ప్రయాణం చేసి, ఆ దేశం భాష నేర్చుకుని, అక్కడే పిల్లల్ని పెంచి, చాలాసార్లు అక్కడే చనిపోయేవారు. విమాన ప్రయాణం చవకయ్యాక కొత్త పద్ధతి వచ్చింది. 1957లో జార్జ్ వెర్వర్ అనే కాలేజీ కుర్రాడు ఇద్దరు మిత్రులతో వేసవి సెలవుల్లో మెక్సికో వెళ్లాడు. అదే తర్వాత ఆపరేషన్ మొబిలైజేషన్ అనే పెద్ద సంస్థ అయింది. 1960లో లోరెన్ కన్నింగ్‌హామ్ యువకుల కోసం యూత్ విత్ ఎ మిషన్ మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి ఊరూరా చర్చిల్లో ఇదొక వార్షిక కార్యక్రమమైపోయింది. ఒక బృందం వారం పది రోజులు ఏదో పేద దేశానికి వెళ్తుంది. ఇల్లు కడుతుంది, బడికి రంగులేస్తుంది, పిల్లలతో ఆడుతుంది, ప్రార్థన చేస్తుంది, తిరిగొస్తుంది. దీన్నే షార్ట్ టర్మ్ మిషన్ అంటారు. ఇలా విదేశాలకు వెళ్లే అమెరికన్లు ఏటా సుమారు 16 లక్షల మంది ఉంటారని 2000ల దశకంలో సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ వుత్నో అంచనా వేశారు.

మా ప్రాజెక్టులో టెక్సాస్ నుంచి పనిచేసే ఒకాయన ఉన్నారు. ఏటా జూన్‌లో తన చర్చి బృందంతో మధ్య అమెరికా వెళ్తారు. ఒకసారి కాల్ అయిపోయాక ఆ కబుర్లు మొదలయ్యాయి. సిమెంట్ బస్తాలు మోశారట, ఇటుకలు అందించారట. చేతులు బొబ్బలెక్కాయట. ఇంటికొచ్చాక తన పిల్లలు అన్నం పారేస్తే కోపం రాకుండా కళ్లనీళ్లు వచ్చాయట. ఆ మనిషి మంచితనం మీద నాకు ఇసుమంత అనుమానం లేదు. చివర్లో ఆయనే అన్నారు, "అక్కడి మేస్త్రీ మాకు పని చెప్పడంలోనే సగం రోజు గడిపేవాడు. మేం లేకపోతే ఆ గోడ ఇంకా తొందరగా లేచేదేమో." ఆ మాట పట్టుకుని నేను చదవడం మొదలుపెట్టాను. చదివినదంతా చివరికి హోండురాస్ దగ్గరికి తీసుకెళ్లింది.

30,000 డాలర్ల బృందం, 2,000 డాలర్ల ఇల్లు

1998 అక్టోబర్ చివర్లో మిచ్ అనే తుఫాను మధ్య అమెరికాను ఊడ్చేసింది. హోండురాస్, నికరాగువా దేశాలకు ఎక్కువ దెబ్బ తగిలింది. మొత్తం 11,000 మందికి పైగా చనిపోయారు. హోండురాస్ రాజధాని తెగుసిగల్పాలో చొలుతెకా నది పొంగి పేటలకు పేటలే కొట్టుకుపోయాయి. దివిసీమ ఉప్పెన గురించి మన పెద్దవాళ్లు చెప్తే విన్నవాళ్లకి ఆ దృశ్యం ఊహించుకోవడం కష్టం కాదు.

ఇళ్లు పోయినవాళ్లకి ఇళ్లు కట్టడానికి ఉత్తర అమెరికా నుంచి చర్చి బృందాలు వరసగా వచ్చాయి. అప్పటికే చాలా ఏళ్లుగా హోండురాస్‌లో ఉంటున్న కర్ట్ వెర్ బీక్ అనే సోషియాలజీ ప్రొఫెసర్‌కి ఒక ప్రశ్న వచ్చింది. ఆయన కూడా క్రైస్తవుడే, మిషిగన్‌లోని కాల్విన్ కాలేజీ అనే క్రైస్తవ విద్యాసంస్థకి చెందినవాడు. ఆయన ప్రశ్న చాలా సూటిది: విదేశీ బృందాలు కట్టిన ఇళ్లలో ఉన్నవాళ్లకీ, స్థానికులు కట్టిన ఇళ్లలో ఉన్నవాళ్లకీ కొన్నేళ్ల తర్వాత జీవితంలో ఏమైనా తేడా ఉందా? మన భాషలో చెప్పాలంటే రెండు వెర్షన్లు పక్కపక్కన పెట్టి పోల్చాడు.

వచ్చి వెళ్లిన 127 మంది ఉత్తర అమెరికన్ల దగ్గర వివరాలు సేకరించాడు. 78 మంది హోండురాస్ వాళ్లతో మాట్లాడాడు. 2006లో ఫలితాలు ప్రచురించాడు. తేలిందేమిటంటే, ఇల్లు పొందినవాళ్ల వైపు నుంచి చూస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇల్లు ఇల్లే, ఎవరు కట్టినా.

ఖర్చులో మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. ఒక్కో ఇంటికి అయ్యేది సుమారు 2,000 డాలర్లు. ఒక్కో బృందం విమాన టికెట్లతో కలిపి పెట్టిన ఖర్చు సగటున సుమారు 30,000 డాలర్లు. అంటే ఒక బృందం ప్రయాణపు డబ్బుతో 15 ఇళ్లు లేచేవి. అక్కడి మేస్త్రీలకీ కూలీలకీ పని దొరికేది. అసలే తుఫాను తర్వాత పనుల్లేక అల్లాడుతున్న దేశం. ఆ డబ్బు పంపి ఉంటే ఇంకా చాలా ఇళ్లు కట్టుకునేవాళ్లం కదా అన్న మాట అక్కడివాళ్ల నోటినుంచే వచ్చింది. వచ్చినవాళ్లని తిట్టలేదు, ఆప్యాయంగానే మాట్లాడారు. కానీ లెక్క వాళ్లకీ తెలుసు.

ఇక్కడ ఒక వాదన వినిపిస్తుంది. "ఇల్లు ఒక్కటేనా? వెళ్లినవాళ్లు మారతారు కదా! తిరిగొచ్చాక జీవితాంతం దానం చేస్తారు, ప్రపంచం గురించి ఆలోచిస్తారు. ఆ 28,000 డాలర్లు ఆ మార్పుకి పెట్టుబడి." గట్టి వాదనే. వెర్ బీక్ దాన్నీ వదల్లేదు. నా జీవితం మారిపోయింది, ఇప్పుడు ఎక్కువ ఇస్తున్నాను అని చాలామంది రాశారు. ఆయన విరాళాల రికార్డులు కూడా చూశాడు. వాళ్లు చెప్పినంత మార్పు ఆ రికార్డుల్లో కనిపించలేదు. వాళ్లు అబద్ధాలాడారని కాదు. తిరిగొచ్చిన కొత్తలో మనసు నిజంగానే కరుగుతుంది. ఆయన దీనికి చిన్న మొక్క పోలిక చెప్పాడు. లేత మొక్కని చేత్తో వంచి పట్టుకుంటే వంగుతుంది, వదిలేస్తే మళ్లీ నిటారుగా లేచిపోతుంది. వంగినట్టే పెరగాలంటే చాలాకాలం కట్టి ఉంచాలి.

శివరాత్రి జాగారం చేసిన మర్నాడు మన వైరాగ్యం ఎంతసేపు నిలుస్తుందో ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. శ్మశాన వైరాగ్యం, పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం అని మన పెద్దలు ఊరికే పేర్లు పెట్టలేదు. ఆ వరసలో "ట్రిప్ వైరాగ్యం" కూడా చేర్చుకోవచ్చు. నిత్య సాధన లేని ఏ అనుభవమైనా అంతే.

మంచి మనసు కీడు చేసే చోటు

హోండురాస్‌లో జరిగింది డబ్బు వృథా మాత్రమే. అంతకంటే బరువైన సంగతి అనాథాశ్రమాల్లో ఉంది. ఇందులో చర్చి బృందాలే కాదు, ఏ మతమూ లేని కాలేజీ విద్యార్థులూ, విదేశీ టూరిస్టులూ అందరూ భాగస్థులే.

కంబోడియాలో 2005 నుంచి 2010 మధ్య అనాథాశ్రమాల సంఖ్య సుమారు 75 శాతం పెరిగింది. ఆ అయిదేళ్లలో అక్కడ యుద్ధం లేదు. మరి అనాథలు ఎక్కడినుంచి వచ్చారు? ప్రభుత్వమూ యునిసెఫూ కలిసి చూస్తే, ఆశ్రమాల్లో ఉన్న ప్రతి నలుగురు పిల్లల్లో దాదాపు ముగ్గురికి తల్లో తండ్రో బతికే ఉన్నారు. పేద తల్లిదండ్రులు చదువు, తిండి దొరుకుతాయని పంపారు. విదేశీయులు వచ్చి పిల్లలతో ఆడి, విరాళాలిచ్చి వెళ్తుంటే, పిల్లల్ని అక్కడే ఉంచడం కొందరికి ఆదాయ మార్గమైంది. నేపాల్లోనూ ఇలాంటిదే జరిగింది. కొండ ఊళ్ల నుంచి పిల్లల్ని తెచ్చి టూరిస్టులు తిరిగే ప్రాంతాల్లో పెట్టిన ఆశ్రమాలు బయటపడ్డాయి. ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వంపై చట్టం తెచ్చినప్పుడు ఈ అనాథాశ్రమాల వ్యాపారం గురించి కూడా అక్కడి పార్లమెంటులో గట్టి చర్చ జరిగింది.

పిల్లల వైపు నుంచి ఆలోచించండి. ప్రతి రెండు వారాలకీ ఒక కొత్త అక్క, కొత్త అన్న వస్తారు. ఎత్తుకుంటారు, ముద్దు చేస్తారు, చివరి రోజు ఏడుస్తూ వెళ్లిపోతారు. ఏడాదిలో అలా ఎన్నిసార్లు? మనకి అది ఒక్క వీడ్కోలు, ఆ పిల్లకి ఇరవయ్యో వీడ్కోలు.

మన గడ్డ మీద జరిగినవి

ఇదంతా దూరదేశాల కథ అనుకోకండి. మిషనరీల చరిత్రలో ఒంగోలుకూ దోర్నకల్‌కూ చోటుంది. వాళ్లు పది రోజుల మనుషులు కాదు, అందుకే ఆ పోలిక మనకి పనికొస్తుంది.

జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ 1866లో ఒంగోలు వచ్చాడు. అంతకుముందు తన దేశంలో భూమి సర్వే పని చేసినవాడు. 1876 నుంచి 1878 వరకు దక్షిణాదిని కాల్చేసిన మహా కరువులో ఆయన బకింగ్‌హామ్ కాలువలో సుమారు మూడు మైళ్ల తవ్వకం పని కాంట్రాక్టు తీసుకున్నాడు. ఎక్కువగా మాదిగ కుటుంబాల వాళ్లకి అక్కడ పని దొరికింది. ఊరికే గంజి పోయకుండా పని ఇచ్చి కూలి ఇచ్చాడు. ఇంకో సంగతి, కరువు నడుస్తున్నంత కాలం ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కడుపు కాలుతున్నప్పుడు మనిషి ఏ మాటకైనా తలూపుతాడు, ఆ ఒప్పుకోలుకి విలువ లేదన్నది ఆయన ఆలోచన. కరువు తగ్గాక 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మందికి గుండ్లకమ్మ ఒడ్డున బాప్తిస్మం ఇచ్చారు.

ఆ మార్పిడుల గురించి మనకి వేరే అభిప్రాయం ఉండొచ్చు. నాకూ ఉంది. అంతమంది మన సమాజంలో గౌరవం దొరక్క బయటికి చూశారన్న నిజం ముందు మనం కాసేపు మౌనంగా కూర్చోవాలని కూడా నాకనిపిస్తుంది. ఆ చర్చ ఇంకో రోజు పెట్టుకుందాం. ఇవాళ్టి పాఠానికి కావలసింది ఒక్కటే: ఆకలిని అవకాశంగా వాడుకోకూడదని అవతలి పక్షంలో కూడా ఒకాయన గీత గీసుకున్నాడు. అన్నదానం చేస్తూ మైకులో దాత పేరు పదిసార్లు చదివించే మనం కూడా ఆ గీత దగ్గర ఒక్క క్షణం ఆగాలి.

రెండో మనిషి వి. ఎస్. అజరయ్య. తిరునెల్వేలి జిల్లా తమిళుడు. 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్ వచ్చాడు. తెలుగు నేర్చుకున్నాడు. 1912లో ఆంగ్లికన్ చర్చిలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యాడు. 1945లో చనిపోయే దాకా దోర్నకలే ఆయన ఊరు. మతమార్పిడి మీద గాంధీజీకీ ఆయనకీ 1930లలో గట్టి భేదాభిప్రాయాలుండేవి. అయినా 1910లో స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో ఆయన చేసిన ప్రసంగం నన్ను ఆపేసింది. అప్పటికి ప్రపంచాన్ని ఏలుతున్న దేశాల పెద్దలు ఎదురుగా కూర్చున్నారు. మీరు త్యాగాలు చేశారు, ధనమిచ్చారు, అందుకు కృతజ్ఞులం, కానీ మాకు స్నేహితులు కూడా కావాలి అన్నది ఆయన మాటల సారం. పైనుంచి చెయ్యి చాచేవాడు కాదు, పక్కన కూర్చునేవాడు కావాలని అడిగాడు. సాయం పుచ్చుకునేవాడి గొంతు అది. మనం దాత స్థానంలో ఉన్నప్పుడు ఆ గొంతు సులువుగా వినపడదు.

గీత ఏం చూడమంటుంది?

ఇప్పుడు మన పుస్తకం తెరుద్దాం. భగవద్గీత 17వ అధ్యాయంలో 20 నుంచి 22 వరకు ఉన్న మూడు శ్లోకాలు దానాన్ని మూడు రకాలుగా విడదీస్తాయి. ఇవ్వడం నా కర్తవ్యం అనుకుని, తిరిగి ఉపకారం చేయలేనివాడికి, తగిన చోట, తగిన సమయంలో, తగిన వ్యక్తికి ఇచ్చేది సాత్త్వికం. ప్రతిఫలం కోసమో, ఏదో ఫలం ఆశించో, మనసు గింజుకుంటూ ఇచ్చేది రాజసం. చోటూ సమయమూ చూడకుండా, అర్హత లేనివారికి, గౌరవం లేకుండా, చులకనగా ఇచ్చేది తామసం.

మనం సాధారణంగా దీన్ని "డబ్బు మంచివాడికి ఇవ్వాలి" అన్నంత వరకే చదువుతాం. హోండురాస్ లెక్కలు చూశాక మళ్లీ చదివితే నాకు వేరే సంగతులు కనిపించాయి.

మొదటిది, ఇక్కడ మంచి ఉద్దేశం ఒక్కటే సరిపోదు. దేశ, కాల, పాత్రాలు చూడడం కూడా దానంలో భాగమే. అంటే తెలుసుకోవడం, అడగడం, లెక్క వేయడం భక్తికి అడ్డం కాదు, భక్తిలో భాగం. రెండోది, ఫలం అంటే డబ్బే కానక్కర్లేదు. "నాకు ఆత్మతృప్తి కావాలి, కథ చెప్పుకోవడానికి ఒక అనుభవం కావాలి, ప్రొఫైల్‌లో ఫోటో కావాలి" అన్నవీ ఫలాలే. అవతలి మనిషి కష్టం మన ఎదుగుదలకి సామగ్రి అయిపోతే అది రాజసం వైపు జారినట్టే. మూడోది, గౌరవం లేకుండా ఇవ్వడాన్ని గీత తామసంలో పెట్టింది. అజరయ్య ఎడిన్‌బరోలో అడిగింది ఇదే.

తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో చదువు పూర్తయిన శిష్యుణ్ణి గురువు ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే ఉపదేశంలో కూడా దానం గురించి ఉంటుంది. శ్రద్ధ ఉండాలి, ఇచ్చేటప్పుడు ఒక బిడియం ఉండాలి, తెలిసి ఇవ్వాలి అన్నది దాని భావం. ఇచ్చేవాడికి బిడియం ఎందుకో చిన్నప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు కొంచెం అర్థమవుతోంది. నా దగ్గర ఉంది, అతని దగ్గర లేదు అన్న తేడా నా గొప్పతనం వల్ల వచ్చింది కాదు కదా.

యాత్రకి యాత్ర అనే పేరే ఉంచుదాం

1968 ఏప్రిల్ 20న మెక్సికోలోని క్వెర్నవాకా పట్టణంలో ఇవాన్ ఇలిచ్ అనే కాథలిక్ ప్రీస్టు, పల్లెల్లో సేవకి వచ్చిన అమెరికన్ విద్యార్థులకు ఒక ప్రసంగం చేశాడు. చాలా కటువుగా మాట్లాడాడు. ఇక్కడి భాష సరిగ్గా రాదు, మీ పని గురించి వీళ్లు ఏమనుకుంటున్నారో కూడా మీకు తెలిసే దారి లేదు అన్నాడు. మా దేశం చూడ్డానికి రండి, కొండలెక్కండి, చదువుకోండి, కానీ మాకు సాయం చేస్తామని మాత్రం రావద్దు అన్నది ఆయన సారాంశం.

ఆయన "రండి" అన్న సగం చూడండి. దానికి మన దగ్గర ఎప్పటినుంచో ఒక పేరుంది: యాత్ర. అమెరికాలోనే బ్రయన్ హోవెల్ అనే ఆంత్రోపాలజీ ప్రొఫెసర్ ఒక చర్చి బృందంతో డొమినికన్ రిపబ్లిక్ వెళ్లి, ఆ ప్రయాణం మీద 2012లో పుస్తకం రాశారు. ఈ ప్రయాణాలకు తీర్థయాత్ర పోలికలు చాలా ఉన్నాయని ఆయనలాంటి పండితులు గమనించారు.

కాశీ వెళ్లేవాడు "కాశీని ఉద్ధరించడానికి వెళ్తున్నా" అనడు. తన కోసమే వెళ్తాడు, ఆ మాట దాచుకోడు. చెప్పులు విప్పుతాడు, ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతి భోజనం తింటాడు, గైడు చెప్పింది వింటాడు. యాత్రికుడు పుచ్చుకునేవాడు. సేవకుడు ఇచ్చేవాడు. రెండూ మంచివే. చిక్కంతా పుచ్చుకోవడానికి వెళ్లి ఇచ్చినట్టు పేరు రాసుకోవడంలో ఉంది. నా చదువంతా కలిపితే తేలిన ఒక్క మాట ఇదే.

ఈ మాట నాకు పుస్తకాలతో ఆగలేదు. ఈ ఏడాది మా మిత్రబృందం 12 మంది నేపాల్లో ముక్తినాథ్ వెళ్లాలనుకుంది. 3,700 మీటర్లకు పైన ఉన్న క్షేత్రం, 108 దివ్యదేశాల్లో ఒకటి. మనిషికి సుమారు 55,000 చొప్పున 6,60,000 రూపాయలు. అందులో మా తమ్ముడిలాంటి ఒకడు, "అన్నా, ఎలాగూ వెళ్తున్నాం కదా, దారిలో ఏదైనా స్కూల్‌కి రెండ్రోజులు రంగులేసొద్దాం, వీడియో కూడా వస్తుంది" అన్నాడు. అందరికీ నచ్చింది. నాకు మాత్రం ముందు ఆ స్కూల్‌వాళ్లని అడుగుదామనిపించింది. మా ట్రావెల్ ఏజెంటు ద్వారా ఆ దారిలోని ఒక బడి హెడ్మాస్టరుగారి నంబరు దొరికింది. హిందీలో మాట్లాడుకున్నాం. గోడలకి కిందటి దసరాకే రంగులు పడ్డాయట. ఆయనకి కావలసింది పై తరగతులకి సైన్సు చెప్పే మనిషి. ఊళ్లోనే డిగ్రీ చదివిన అమ్మాయి ఉంది, జీతం ఇవ్వడానికి బడి కమిటీ దగ్గర డబ్బు లేదు.

మా గ్రూపులో రెండు రాత్రులు వాదన నడిచింది. "మన చేత్తో చేస్తే వచ్చే తృప్తి వేరు రా" అని ఒకడు. "ఆ తృప్తి మనది, చదువు వాళ్లది" అని ఇంకొకడు. చివరికి యాత్రని యాత్రగా ఉంచాం. ఆ టీచరు జీతం మూడేళ్లపాటు నెలనెలా మన అందరి వాటాగా బడి కమిటీ ఖాతాకి పంపాలని అనుకున్నాం. ఇద్దరు వాటా నుంచి తప్పుకున్నారు. మిగిలిన పదిమందిమి మూడేళ్లు నిలబడతామో లేదో ఇప్పుడే గొప్పలు చెప్పలేను. కష్టమైనదీ, ఫోటో రానిదీ ఆ ముప్పై ఆరు నెలలే.

ఉండిపోయినవాళ్లు

అలాగని కొద్దిరోజుల సాయం ఎప్పుడూ పనికిరాదని కాదు. మెర్సీ షిప్స్ అనే క్రైస్తవ సంస్థ 1978లో మొదలైంది. ఓడనే ఆసుపత్రిగా మార్చి ఆఫ్రికా రేవుల్లో ఉచితంగా ఆపరేషన్లు చేస్తుంది. అందులో కొందరు సర్జన్లు రెండు మూడు వారాలకే వస్తారు. కానీ ఓడ నెలల తరబడి రేవులోనే ఉంటుంది. ముందు రోగుల్ని చూసేవాళ్లు, తర్వాత కట్టు మార్చేవాళ్లు ఉంటారు. మన ఉద్యోగాల భాషలో చెప్పాలంటే, కోడ్ రాసి ప్రొడక్షన్‌లో పెట్టి మర్నాడే సెలవు మీద వెళ్లిపోతే టీమ్ ఊరుకోదు. ఆన్‌కాల్ ఎవరున్నారని అడుగుతుంది. సేవలో కూడా అదే ప్రశ్న. వచ్చేవాళ్లు కొద్దిరోజులే ఉండొచ్చు, ఉండిపోయే వ్యవస్థ ఒకటి ఉండాలి.

మన దగ్గర ఉండిపోవడానికి గొప్ప ఉదాహరణ స్వామి అఖండానంద. శ్రీరామకృష్ణుల శిష్యుడు, దేశమంతా కాలినడకన తిరిగిన సన్యాసి. 1897లో బెంగాల్‌లోని ముర్షిదాబాద్ ప్రాంతం మీదుగా నడుస్తున్నారు. దారిలో కుండ పగిలి ఏడుస్తున్న ఒక ముస్లిం అమ్మాయి కనిపించింది. కొత్త కుండ, తినడానికి కొంచెం కొనిచ్చారు. చూస్తుండగానే ఆకలితో ఉన్న పిల్లలు చుట్టూ చేరారు. ఆ ప్రాంతమంతా కరువులో ఉందని అప్పుడు తెలిసింది. ఆయన ముందుకి నడవలేదు. అక్కడే సహాయ కార్యక్రమం మొదలుపెట్టారు. రామకృష్ణ మిషన్ పుట్టిన నెలలోనే, మిషన్ చేసిన తొలి కరువు సేవ అది. తర్వాత సారగాఛీలో అనాథ పిల్లలకి ఆశ్రమం పెట్టి, 1937లో దేహం వదిలే దాకా దాదాపు నలభై ఏళ్లు దాన్నే అంటిపెట్టుకున్నారు. ఆయన వచ్చింది యాత్రికుడిగా. సేవ ఎదురైనప్పుడు యాత్ర మానేశారు.

వెళ్లే ముందు 5 ప్రశ్నలు

అమెరికాలో ఈ ప్రయాణాల కోసం 2003లో ఏడు ప్రమాణాలు రాసుకున్నారు. వాటి జోలికి వెళ్లకుండా, నేను చదివినదాంట్లోంచి మనకి సరిపడే అయిదు ప్రశ్నలు ఇస్తున్నాను. మీ గ్రూపులో పెట్టి మాట్లాడుకోండి.

1. ఈ పని వాళ్లు అడిగిందా, మనం అనుకున్నదా? ఎవర్ని అడిగాం, ఏ భాషలో అడిగాం?

2. ఇదే పని చేయగల మేస్త్రీ, పెయింటరు, టీచరు ఆ ఊళ్లో ఉన్నారా? ఉంటే వాళ్ల కూలి మనం లాక్కుంటున్నామా?

3. ప్రయాణం ఖర్చు, పని ఖర్చు ఒకే కాగితం మీద పక్కపక్కన రాశామా?

4. మనం వెళ్లిపోయిన మర్నాటి నుంచి ఎవరు చూసుకుంటారు?

5. ఒక్క ఫోటో కూడా తీయకూడదంటే వెళ్తామా? పిల్లల ముఖాలు పెట్టేముందు, మన ఇంటి పిల్లల్ని ఎవరైనా అలా పెడితే ఒప్పుకుంటామా?

వీటికి జవాబులు సరిగ్గా ఉంటే నిశ్చింతగా వెళ్లండి. లేకపోతే యాత్రికులుగా వెళ్లండి. ఆ నేల మీద తల వంచండి, అక్కడివాళ్ల దగ్గర నేర్చుకోండి, దుకాణంలో బేరం కాస్త తక్కువ ఆడండి. అదీ పుణ్యమే.

ఈ వారం సాధన

మీరు ఇప్పటికే సాయం చేస్తున్న చోటు ఏదైనా ఉంటే, వృద్ధాశ్రమమో, గోశాలో, ఊళ్లో బడో, ఈ ఆదివారం ఒక్క ఫోన్ చేయండి. ఏం పంపమంటారు అని కాకుండా, "మేం చేస్తున్నదాంట్లో మీకు పనికిరానిది ఏమైనా ఉందా?" అని అడగండి. మొహమాటానికి మొదట "అబ్బే, అంతా బాగుందండీ" అంటారు. రెండోసారి నెమ్మదిగా అడగండి. అప్పుడు వచ్చే జవాబు వినడమే ఈ వారం మన సేవ.

వచ్చే వారం వీడియోలో గీత 17వ అధ్యాయంలోని తపస్సు గురించి, ముఖ్యంగా మాట తపస్సు గురించి చూద్దాం. ఉంటానండీ. హరిః ఓం.